మా ఇంటి కరెంటు దొంగ

సొంత ఇంటి మీదకి కరెంటాఫీసు జీపెక్కి దాడికి వెళ్ళిన మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నర్సీపట్నం రండి, నన్ను చూపిస్తారు. వీధి పేరు అక్కర్లేదు. బస్టాండులో దిగి "జీపులో వచ్చిన శ్రీనివాసరావు గారిల్లు" అంటే చాలు, ఆటోవాళ్ళు బేరమాడకుండా తెచ్చి దింపుతారు. దారిలో కథ కూడా చెబుతారు. వాళ్ళు చెప్పేదాంట్లో సగం కల్పన. అసలు జరిగింది అంతకన్నా అధ్వాన్నం కాబట్టి నా నోటితోనే వినండి.

నేను గొలుగొండలో ఓ సర్కారీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. జనం ఇచ్చే అర్జీలు తీసుకోవడం, వాటి మీద నంబరు వేయడం, ఆ తర్వాత అవి ఏ బీరువాలో ఉన్నాయో నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఆ పని చేస్తే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక ఆఫీసు ఉంటుందనీ, అక్కడికి వెళ్ళి బల్ల గుద్ది అడిగితే ఆ కష్టం తీరిపోతుందనీ నమ్మకం కుదురుతుంది. నాకు బాగా కుదిరింది.

ఇంట్లో మేము ముగ్గురం. నేను, మా ఆవిడ పద్మ, మా అమ్మ. పద్మ మెయిన్ రోడ్డు మీద మందుల షాపులో కౌంటరు చూస్తుంది. నేను బండి మీద గొలుగొండ, ఆవిడ నడిచి షాపు, ఇద్దరం తొమ్మిదికల్లా గడప దాటుతాం. మేడ మీద సత్యవతి గారని ఒకావిడ అద్దెకుంటారు. జాకెట్లు కుడతారు. భర్త లారీ డ్రైవరు, పండక్కో పబ్బానికో కనబడతాడు. ఆవిడకి వేరే మీటరుంది. మా నాన్న అంతకుముందు నలుగురిలో ఒకరుగా ఉండేవారు. ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి పోయారు.

కథ అక్కడ మొదలవుతుంది.

కరెంటు బిల్లు గడువు ముంచుకొస్తోందని ఆఖరి రోజున క్యూలో నిలబడే రకం కాదు నేను. ఫోన్లో ఆటోపే పెట్టించాను. నెలనెలా నా ప్రమేయం లేకుండా బ్యాంకులోంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఆఫీసులో అందరికీ దీని మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. మంచిది. నాన్న పోయిన తర్వాతి నెల, టిఫిన్ బాక్సు తెరిచి ఉప్మా నోట్లో పెట్టుకోబోతుంటే మెసేజ్ వచ్చింది. ఎప్పుడూ పోయేదానికి రెట్టింపు పోయింది. ఉప్మా బాక్సులోనే ఉండిపోయింది.

పద్మకి ఫోన్ చేశాను.

"కరెంటుకి రెట్టింపు లాగేశారే!"

"ఎండలు కదండీ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

"ఫ్యాన్లు నిరుడు తిరగలేదా? బుర్ర తిరిగేలా ఉంది నాకు."

"ముందా టిఫిన్ తినండి. షాపులో జనం ఉన్నారు" అని పెట్టేసింది.

సరే, పోనీలే అనుకున్నాను. పై నెల మూడింతలు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూడండి, నాకు ఆ రోకలి కూడా ఆటోపేలోనే పడింది.

మర్నాడు సెలవు చీటీ పారేసి కరెంటాఫీసుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర గుమాస్తా నా సర్వీసు నంబరు కొట్టి చూసి, తాపీగా అడిగాడు.

"కొత్తగా ఏమైనా కొన్నారాండి? గీజరు, వాషింగ్ మిషను?"

"ఏటీ కొనలేదు."

"ఏసీ ఉందా?"

"ఉంది. మా నాన్నగారి గదిలో. ఆయన పోయాక దాని మొహం చూసినవాళ్ళు లేరు."

"చుట్టాలెవరైనా వచ్చి ఉన్నారేమో?"

నాకు ఒళ్ళు మండింది. "చుట్టాలేటండీ బాబూ! ఇంట్లో ఒక మనిషి తగ్గాడు. మనిషి తగ్గితే బిల్లు తగ్గాలి కదా? మీ లెక్కలో చచ్చిపోయినవాళ్ళకి కూడా చార్జీ ఉందేటి?"

క్యూలో ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. గుమాస్తా మాత్రం "అయ్యో పాపం, ఎంత వయసండి?" అని అడిగి, రెండు క్షణాలు మౌనం పాటించి, "బిల్లయితే కట్టాలండి" అన్నాడు.

చచ్చిపోయినవాళ్ళకి చార్జీ అని నేనన్న మాటకి నేనే ఎంత మురిసిపోయానో చెప్పలేను. మర్నాడు ఆఫీసులో టీ దగ్గర మళ్ళీ చెప్పాను. సాయంత్రం సెలూన్లో చెప్పాను. తండ్రి చావుని అంత చక్కగా వాడుకున్న కొడుకు ఈ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

ఆ రోజే కరెంటాఫీసు నుంచి తిన్నగా బ్యాంకుకి వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి "మీ డబ్బు తీసుకోమని మీరే పర్మిషన్ ఇచ్చారు కద సార్" అంది. "ఇచ్చినవాణ్ణే వెనక్కి తీసుకుంటున్నాను" అని ఆటోపే అక్కడికక్కడే ఆపించేశాను. న్యాయం తేలేదాకా పైసా కట్టేది లేదని ప్రకటించాను. ఆ అమ్మాయి పక్క కౌంటరు వైపు చూసి నవ్వుకుంది.

గడువు దాటింది. కరెంటువాళ్ళు మాత్రం నా ప్రకటనని గౌరవించలేదు. ఒక పగటిపూట వచ్చి ఫ్యూజు పీక్కుపోయారు. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"సీనూ, కరెంటు తీసీసినారురా. బేగి కట్టీ బావూ."

"ఒక పూటకి ఏమవుతుందమ్మా? విసనకర్ర ఉంది కదా."

"విసనకర్ర సాల్దురా. నీకు దండం పెడతాను, బేగి కట్టీ."

ఏడుస్తోంది. నాకు వింతగా అనిపించింది. మా అమ్మ ఎస్. రాయవరం పక్క పల్లెటూళ్ళో చెరుకు గానుగ దగ్గర పుట్టి, చెరుకు గానుగ దగ్గర కాపరం చేసిన మనిషి. నాన్న బెల్లం వండుతుంటే పెనం కింద మంటకి పిప్పి ఎగదోసిన మనిషి. తనకి ఫ్యాను కావాలని కూడా ఎప్పుడూ అడగలేదు. వీధిలో నలుగురూ చూస్తుండగా ఫ్యూజు పీకేసరికి పరువు పోయిందని ఏడుస్తోంది కాబోలు అనుకున్నాను. పంతం కాస్త దింపుకుని, అపరాధ రుసుముతో సహా ఫోన్లోనే కట్టేసి, ఆటోపే మళ్ళీ పెట్టాను. యుద్ధం మాత్రం ఆపలేదు.

మీటరే తప్పని అర్జీ పెట్టాను. లైన్‌మన్ గోవిందు వచ్చి మా మీటరు పక్కనే ఇంకో మీటరు బిగించాడు. వారం రోజులు ఆ రెండూ ఒక తల్లి బిడ్డల్లా ఒకే అడుగు వేశాయి. "మీటరు బంగారమండి" అన్నాడు గోవిందు. బంగారమే, దాని ధర చూస్తే తెలియడం లేదూ!

అప్పుడు నేను స్వయంగా రంగంలోకి దిగాను. ఒక సాయంత్రం ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి, టార్చిలైటు పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. ఎర్రదీపం కన్ను మూసుకుని పడుకుంది. మిణుకు లేదు. అంటే లీకేజీ లేదు. అంటే? మేమెవ్వరం ఇంట్లో లేనప్పుడు, పగటిపూట ఎవరో లాగేస్తున్నారు.

ఎవ్వరూ లేనప్పుడంటాడేమిటి, వాళ్ళమ్మ ఉంది కదా అని మీకు అనిపించి ఉంటుంది. మీకనిపించింది, నాకనిపించలేదు. ఇంట్లో ఉండే అమ్మని ఎవరు లెక్కేస్తారండీ?

నా అనుమానం నిచ్చెన వేసుకుని తిన్నగా మేడ మీదకి ఎక్కింది. సత్యవతి గారిది మోటారు మిషను. ఇస్త్రీ పెట్టె ఎప్పుడూ వేడిగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఇంకోటుంది. సాయంత్రం నా బండి సందు మలుపు తిరిగేసరికి పైన ఆవిడ మిషను ఠక్కున ఆగిపోయేది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తప్పు చేయనివాళ్ళు నా బండి చప్పుడికి ఉలిక్కిపడటం దేనికి?

పద్మతో అంటే కొట్టిపారేసింది.

"ఆవిడ అలాంటిది కాదండీ. అత్తయ్యకి జ్వరమొస్తే గంజి కాచి పట్టుకొచ్చింది."

"గంజి కాచింది కదా, కరెంటు పొయ్యి మీద కాచుంటుంది."

"మీతో మాట్లాడ్డం నా తప్పు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక నా బుర్రలో పథకం మెరిసింది. కరెంటాఫీసులో అసిస్టెంటు ఇంజనీరు ఏఈ గారు కుర్రాడు, మర్యాదస్తుడు. ఆయన ముందు కూర్చుని దొంగకరెంటు మీద అర్జీ పెట్టాను.

"పగటిపూట రావాలండి. చెప్పకుండా రావాలి. నేను బండి మీద వస్తే ఆవిడ పసిగట్టేస్తుంది. మీ జీపులోనే వస్తాను."

"అంత అవసరమంటారా?" అన్నాడాయన.

"దొంగని పట్టాలంటే దొంగలాగే వెళ్ళాలండి" అన్నాను. ఆ వేళ నా నోట్లోంచి వచ్చిన నిజం అదొక్కటే.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారు గానీ, ఆ రోజు రోళ్ళే కాదు రోకళ్ళు కూడా మిగిలి ఉండవు. పొద్దున్న మామూలుగా బండెక్కి ఇంట్లోంచి బయల్దేరి, బండిని కరెంటాఫీసులో పెట్టి, పన్నెండింటికి ఏఈ గారు, గోవిందులతో కలిసి జీపులో మా సందులోకి వచ్చాను. పైన కుట్టుమిషను టకటకా కొట్టుకుంటోంది. ఆగలేదు! నా పథకం పారిందని తొడ కొట్టుకున్నాను. మీటరు దగ్గరికి వెళ్ళి చూస్తే ఎర్రదీపం పూనకం వచ్చినట్టు మిణుకుమిణుకులాడుతోంది.

"చూడండి సార్! ఇంట్లో మేమెవరం లేం. మీటరు చూడండి!" అని అరిచాను. ఆ అరుపుకి సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కొంగులు నెత్తిన వేసుకుని ఆడవాళ్ళు, తువ్వాళ్ళు కప్పుకుని మగవాళ్ళు, అంత ఎండలోనూ వచ్చి నిలబడ్డారు. ఊరికే వచ్చే వినోదాన్ని మా వీధి ఎన్నడూ వదులుకోలేదు.

సత్యవతి గారు మెడలో కొలతల టేపుతో మెట్లు దిగి వచ్చింది. జీపుని చూసింది. నన్ను చూసింది. మూసి ఉన్న మా నాన్న గది కిటికీ వైపు చూసింది. మొహంలో నెత్తురు లేదు.

"సత్యవతి గారూ, ఈ మీటరు ఎందుకు తిరుగుతోంది?"

"నాకేటి తెలుసండి."

"తెలీకుండానే రోజూ నా బండి రాగానే మిషను ఆపుతున్నారా?"

ఆవిడ వెనక్కి ఒక మెట్టెక్కింది.

ఏఈ గారు నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, దొంగకరెంటంటే కేసవుతుంది. మీకు తెలిసింది చెప్పేయండి."

"నాను దొంగతనం సెయ్యలేదండి."

"మరి ఎవరు చేశారు?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టేపు కొస పట్టుకుని మెలిపెడుతూ, "కేసు రాసుకుంటే రాసుకోండి. నాను మాత్రం సెప్పను" అంది.

నేను చెయ్యెత్తి వీధి జనానికి చూపించాను. "విన్నారా? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను! రేపు పొద్దున్నకల్లా నా ఇల్లు ఖాళీ చెయ్యాలి!"

వీధి వైపున్న నాన్న గది తలుపు తెరుచుకుంది. లోపల్నించి చల్లటి గాలి నా మొహాన కొట్టింది.

గుమ్మంలో మా అమ్మ. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, మెడదాకా దుప్పటి కప్పుకుని, నెత్తిన మా నాన్న మంకీ టోపీ పెట్టుకుని, చలికి గడగడా వణుకుతోంది.

"ఏట్రా ఆ అరుపులు? ఆ పిల్ల మీద ఎగురుతావేటి? ఏసింది నాను."

"ఏం వేశావు?"

"ఏసీ."

గోవిందు లోపలికి దూరి చూసొచ్చాడు. "పద్దెనిమిదిలో పెట్టీసి ఉందండి. లోపల లంబసింగిలాగుంది" అని చెప్పి, "ఇంకోపాలి సెక్ చేసొత్తానండి" అంటూ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

"చలికి వణికిపోతూ ఎవరికోసమమ్మా ఏసీ?"

"మీ నాన్నకి."

ఏఈ గారు నా చెవి దగ్గర గుసగుసగా అడిగాడు. "మీ నాన్నగారు లోపలున్నారా?"

"లేరండి. పోయారు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

అమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. నా మొహంలోకి చూస్తూ చెప్పింది. "ఏడాది తిరిగీదాకా మనిషి ఇల్లు ఇడిసి ఎల్లరు గదరా. ఈ ఎండల్లో ఎలగుంతారు? బతికినన్నాళ్ళూ బెల్లం పెనం కాడ ఉడికిపోనారు. ఆకర్న ఒల్లంతా మంటలు మంటలని గోల పెడతంటే నువ్వు గంటసేపు ఏసి ఆపీసీవోడివి. రిమోటు జేబులో ఏసుకుని ఆపీసుకి ఎల్లిపోయీవోడివి. అందుకే నువ్వు ఎల్లినాక ఏత్తన్నాను. నువ్వొచ్చీసరికి ఆపేత్తన్నాను. నువ్వు సూత్తే నాన్న మీద మళ్ళీ కేకలేత్తావని."

మా వీధి వీధంతా నా చొక్కా జేబు వైపు చూసింది. ఆ రోజు జేబులో పెన్నొకటే ఉంది. అయినా చేత్తో కప్పుకున్నాను.

అమ్మ చెప్పింది నిజమే. డాక్టరు ఒంటికి చల్లగా ఉంచమన్నాడని నేనే ఏసీ కొన్నాను. వాయిదాల మీద కొన్నాను గాబట్టి గంటకి మించి వేయకూడదని చట్టం కూడా నేనే చేశాను. నాన్న మంచం మీద నుంచి "సీనూ, ఇంకొంచెంసేపు ఉంచరా" అంటే, "స్లాబు మారిపోతుంది నాన్నా" అనేవాణ్ణి. స్లాబంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్టు రేటు పెరిగే మెట్టని ఆయనకి తెలీదు. "అలాగా, అయితే ఆపీ" అనేవారు. స్లాబు మారకుండానే పోయారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకాన్ని చూసి నవ్వుతాం. నేను కొండంతా తవ్వి చివరికి నన్ను పట్టుకున్నాను. సిగ్గుతో ఆ ఎండలో ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కరెంటాఫీసుని అడిగాను, బ్యాంకుని అడిగాను, మేడ మీద ఆవిడని కూడా అడిగాను. ఇంట్లో ఉన్న అమ్మని ఒక్క మాట అడగలేదు. ఏమ్మా, పగలంతా ఒక్కదానివీ ఏం చేస్తున్నావని అడిగినా బిల్లు సంగతి తేలిపోయేది.

ఏఈ గారు పాపం కాగితం తీశాడు. "రిపోర్టు రాయాలండి. వాడకం ఎవరిదని రాయమంటారు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మే చెప్పింది. "వాడకం మా ఆయనది. కట్టీది మా వోడు."

ఆయన మీటరు సరిగ్గానే ఉందని రాసుకుని, కాఫీ అంటే వద్దని, గోవిందుని బలవంతంగా ఏసీ గదిలోంచి లాక్కుని వెళ్ళిపోయాడు. జీపు సందు దాటేదాకా వీధిలో ఒక్కరూ కదల్లేదు.

సత్యవతి గారు మేడ మీద సామాను సర్దడం మొదలుపెట్టారు. నేను మెట్లెక్కి వెళ్ళి, "తప్పయిపోయిందండి, క్షమించండి" అన్నాను.

"రేపు పొద్దున్నకల్లా ఖాళీ సెయ్యమన్నారు గదండి. సర్దుకోవాల" అంది, తల ఎత్తకుండా.

"ఏదో నోరు జారింది."

"మీ బండి సందు తిరిగినప్పుడల్లా మిషను ఆపీదాన్ని. అది ఆగితే కింద పెద్దమ్మగారు ఏసీ ఆపీవోరు. అంతేనండి నా దొంగతనం. మీరు జీపులో వత్తారని మాకేటి తెలుసు?"

కిందనుంచి అమ్మ గొంతు వినబడింది. "సీనూ! ఆ పిల్ల ఎల్తే నానూ ఎల్లిపోతాను. నాను ఎల్తే మీ నాన్న కూడా వచ్చీత్తారు. నువ్వొక్కడివీ మీటరు సూసుకుంటూ కూకో!"

దాంతో మళ్ళీ వీధిలోకి వచ్చి, ఏ జనం ముందు అరిచానో ఆ జనం ముందే చేతులు కట్టుకుని, దొంగతనం లేదు, తప్పంతా నాదేనని చెప్పాను. అప్పుడు గానీ సత్యవతి గారు ట్రంకుపెట్టెలో సర్దిన సామాను మళ్ళీ బయటికి తీయలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా అద్దె పెంచే ధైర్యం నాకు లేదు.

ఆ సాయంత్రం నాన్న గదిలోకి వెళ్ళాను. అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. నన్ను చూడగానే దిండు కింద నుంచి రిమోటు తీసి చాపింది. "ఇదిగో, తీసీసుకో. ఇయ్యాలంతా ఏసీసినాను. సాల్లే." నేను తీసుకోలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను. పెద్దకర్మ నాడు కూడా అలా ఏడవలేదు. కాసేపటికి అమ్మ తన దుప్పటిలో సగం నా మీద కప్పి, "ఊరుకో, సలికి జలుబు సేసీగల్దు" అంది.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం ఘనంగా పెట్టాం. ఇక నాన్న వెళ్ళిపోయినట్టే కదా అని, పై నెల బిల్లు కోసం ఎదురుచూశాను. మెసేజ్ వచ్చింది. పైసా తగ్గలేదు. ఇంటికొచ్చి అమ్మ దగ్గర కూర్చుని, మాటలు వెతుక్కుంటూ అడిగాను.

"అమ్మా, ఏడాది అయిపోయింది కదా. మరి నాన్న..."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎండలు ఇప్పుడే ముదురుతన్నాయి. ఈ ఎండల్లో మనిషిని బయటికి పంపీత్తావేట్రా? వానలు పడనీ."

వానలు పడ్డాయి. "ఇంత వానలో గొడుగైనా లేకుండా ఎలగెల్తారు?" అంది. నేను మళ్ళీ అడగలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఇంటి మీటరు మీద కుడిచెయ్యి వేసి, షాకు కొట్టదని గోవిందు ఇచ్చిన హామీతో, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కరెంటు బిల్లు పెరిగిందని ఈ జన్మలో ఏ గుమాస్తానీ నిలదీయను, ఏ జీపూ ఎక్కను. ఆటోపే పరిమితి ఎంతవరకు పెంచనిస్తే అంతవరకు పెంచేశాను. నెలనెలా మెసేజ్ వచ్చినప్పుడు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. తెరిచి చూసి, ఎక్కువే పోయిందని తెలిశాక హమ్మయ్య అనుకుంటాను. అది తగ్గే నెల మాత్రం నాకు రాకూడదు.